రింగ్ ఆఫ్ స్పైస్ (1964): తాళంచెవి, సంచీ, శనివారం రైలు

గూఢచారి సినిమాలు చూసేవాళ్ళకు బెర్నార్డ్ లీ అంటే వెంటనే గుర్తొచ్చేది 'ఎం'. మెత్తటి తోలు తాపడం చేసిన తలుపు వెనక బల్ల దగ్గర కూర్చుని, జేమ్స్ బాండ్‌కి పని అప్పజెప్పి, రెండు చీవాట్లు కూడా పెట్టి పంపే పెద్దమనిషి. 1962 నుంచి 1979 దాకా పదకొండు సినిమాల్లో ఆ పాత్ర ఆయనదే. ఆ పాత్ర వేస్తున్న తొలి రోజుల్లోనే, 1964లో, ఒక చిన్న నలుపు తెలుపు సినిమాలో ఆయన దానికి పూర్తిగా ఎదురు వేషం కట్టాడు. దేశ రహస్యాలను సంచీలో పెట్టుకుని అమ్ముకునే ఒక తాగుబోతు గుమాస్తా. ఆ సినిమా పేరు 'రింగ్ ఆఫ్ స్పైస్'. అమెరికాలో 'రింగ్ ఆఫ్ ట్రీజన్' పేరుతో విడుదలైంది. నా లెక్కలో ఆయన జీవితంలో చేసిన మంచి పాత్రల్లో ఇదొకటి, అయినా దీని గురించి మాట్లాడేవాళ్ళు చాలా తక్కువ. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

దర్శకుడు రాబర్ట్ ట్రాన్సన్. ఎక్కువగా టీవీకి, తక్కువ ఖర్చు సినిమాలకు పనిచేసిన మనిషి. కథ రాసినవాళ్ళు ఫ్రాంక్ లాండర్, పీటర్ బార్న్స్. లాండర్ 1938లో హిచ్‌కాక్ తీసిన 'ది లేడీ వానిషెస్' రచయితల్లో ఒకడు. కాబట్టి రైలు ప్రయాణంలో టెన్షన్ ఎలా పుట్టించాలో ఈయనకు ఎవరూ నేర్పక్కర్లేదు. సినిమా గంటన్నర. రంగుల్లేవు, దేశదేశాల అందాల్లేవు, తుపాకుల హడావుడి లేదు. అంతకుముందు ఏడాదే బాండ్ ఇస్తాంబుల్ తిరిగొచ్చాడు. ఈ సినిమాలో మనుషులు ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని పోర్ట్‌లాండ్ నుంచి లండన్ వచ్చి, పని ముగించుకుని మళ్ళీ పోర్ట్‌లాండ్ వెళ్తారు. అంతే దూరం.

కానీ ఈ కథకు అంతకంటే ఎక్కువ ఖర్చు పెట్టి ఉంటే సినిమా చెడిపోయేది. ఎందుకంటే ఇది నిజంగా జరిగిన కథ. జరిగింది కూడా ఇలాంటి ఇరుకు ఆఫీసు గదుల్లో, పబ్బుల్లో, ఊరి చివర వరస ఇళ్ళలోనే.

అసలు సంగతి తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్పాలి. డోర్సెట్ తీరంలో పోర్ట్‌లాండ్‌లో బ్రిటిష్ నౌకాదళానికి ఒక పరిశోధన కేంద్రం ఉండేది. నీటి అడుగున జలాంతర్గాములను పసిగట్టే సోనార్ పరికరాల మీద అక్కడ పని జరిగేది. అందులో హ్యారీ హౌటన్ అనే గుమాస్తా, ఎథెల్ గీ అనే ఉద్యోగిని. వీళ్ళు బయటికి తెచ్చిన కాగితాలు గోర్డన్ లాన్స్‌డేల్ అనే కెనడా వ్యాపారి చేతికి చేరేవి. అతని నుంచి లండన్ శివారు రైస్లిప్‌లో కాపురముంటున్న పీటర్, హెలెన్ క్రోగర్ దంపతుల ఇంటికి. అక్కడి నుంచి మాస్కోకు. 1961 జనవరి 7న, శనివారం మధ్యాహ్నం, లండన్‌లో వాటర్‌లూ రైల్వే స్టేషన్ దగ్గర స్పెషల్ బ్రాంచ్ పోలీసులు మొదటి ముగ్గురినీ పట్టుకున్నారు. అదే రోజు సాయంత్రం రైస్లిప్ వెళ్ళి మిగతా ఇద్దరినీ పట్టుకున్నారు. మార్చిలో ఓల్డ్ బెయిలీలో, అంటే లండన్ పెద్ద క్రిమినల్ కోర్టులో, తీర్పు. లాన్స్‌డేల్‌కి 25 ఏళ్ళు, క్రోగర్లకు చెరో 20, హౌటన్‌కీ గీకీ చెరో 15. అంతా కలిపి 95 ఏళ్ళ శిక్ష.

సినిమా వచ్చేనాటికి తీర్పు వచ్చి మూడేళ్ళు. ఆ మూడేళ్ళలో బ్రిటన్‌లో ఒకదాని వెంట ఒకటి ఇలాంటివే బయటపడ్డాయి. బ్రిటిష్ గూఢచారి సంస్థలో ఉంటూ సోవియట్లకు పనిచేసిన జార్జ్ బ్లేక్ దొరికాడు. 1962లో వాసల్ దొరికాడు, అతనూ నౌకాదళ ఆఫీసులో గుమాస్తానే. 1963 మొదట్లో బ్లేక్ లాంటివాడే అయిన కిమ్ ఫిల్బీ మాస్కోకు పారిపోయాడు. అదే ఏడాది యుద్ధ శాఖ మంత్రి ప్రొఫ్యూమో పదవి పోగొట్టుకున్న గొడవ. అప్పటి ప్రేక్షకుడు ఈ సినిమాను ఎంత దగ్గరితనంతో, ఎంత గుబులుతో చూసి ఉంటాడో ఊహించుకోండి. పక్క సీటు గుమాస్తాను అనుమానంగా చూసే రోజులవి.

పాత్రల ఇంటిపేర్లు అలాగే ఉంచి, ఇద్దరి అసలు పేర్లు మాత్రం కొంచెం మార్చారు. హ్యారీ, హెన్రీ అయ్యాడు. ఎథెల్, ఎలిజబెత్ అయింది.

ఇక బెర్నార్డ్ లీ సంగతి. హెన్రీ హౌటన్ మొదట పోలండ్ రాజధాని వార్సాలోని బ్రిటిష్ రాయబార కార్యాలయంలో ఉద్యోగి. తాగుడు, నోటి దురుసు. ఒక పార్టీలో రభస చేస్తాడు. వెనక్కి పంపించేస్తారు. అలా వెనక్కి పంపిన మనిషిని ఎక్కడ వేస్తారు? దేశంలోకెల్లా రహస్యమైన చోట్లలో ఒకటైన పోర్ట్‌లాండ్‌లో. సినిమా దీన్ని పెద్ద విషయంగా ఎత్తి చూపదు, నిజజీవితంలోనూ అలాగే జరిగింది. ఒక ఆఫీసులో పనికిరాడనుకున్నవాణ్ణి ఇంకో ఆఫీసుకు తోసేయడం, కాన్ఫిడెన్షియల్ రిపోర్టులో నాలుగు మెత్తటి మాటలు రాసి వదిలించుకోవడం. ఆ ఒక్క బదిలీతోనే సగం కథ అయిపోయింది.

లీ ఈ పాత్రను విలన్‌లా చెయ్యలేదు, అలాగని జాలిపడేలానూ చెయ్యలేదు. ఈ ప్రపంచం తనకు బాకీ ఉందని నమ్మే మనిషిలా చేశాడు. నౌకాదళంలో ఇన్నేళ్ళు చేస్తే నాకు దక్కిందేమిటి అన్న ఉక్రోషం ముఖంలో ఎప్పుడూ ఉంటుంది. గ్లాసు చేతికొచ్చాక ఆయన భుజాలు కొంచెం కిందికి జారతాయి, గొంతు కొంచెం పైకి లేస్తుంది. అంతే మార్పు. డబ్బు రావడం మొదలయ్యాక పబ్బులో నలుగురికీ తనే పోయించి, ఆ నలుగురి కళ్ళలో తను పెద్దవాడవుతుంటే మురిసిపోతాడు. ఆ మురిపెమే ఆయన్ని పట్టిస్తుంది. నిజం హౌటన్ కూడా అంతే. గుమాస్తా జీతానికి పొసగని ఇల్లు, కార్లు, పబ్బు ఖర్చులు.

ఇప్పుడు సినిమాలో నాకు బాగా నచ్చిన భాగానికి వస్తాను. నా ఉద్యోగమంతా రికార్డు గదిలోనే గడిచింది. ఏ ఫైలు ఎవరి పేరు మీద బయటికెళ్ళింది, ఎప్పుడు తిరిగొచ్చింది, రిజిస్టర్లో సంతకం పడిందా లేదా, ఇదే నా పని. గూఢచారి సినిమాల్లో రహస్య ఫైలు దొంగిలించే సీన్లు చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. అర్ధరాత్రి గోడ దూకడం, బీరువా పగలగొట్టడం, ఫైలు పట్టుకుని పరుగు. అలా పోయిన ఫైలు గురించి తెల్లారేసరికి ఆఫీసంతా గగ్గోలు పుడుతుంది. రహస్యం పోయిందని శత్రువుకు తెలిసినంత త్వరగా మనకూ తెలిసిపోతుంది. ఇక ఆ రహస్యానికి విలువేముంది?

ఈ సినిమాలో దొంగతనం అలా జరగదు. వారం చివర కాగితాలు స్ట్రాంగ్‌రూమ్ నుంచి బయటికొస్తాయి. శనివారం లండన్ చేరతాయి. అక్కడ ఫోటోలు తీస్తారు. సోమవారం ఆఫీసు తెరిచేసరికి కాగితాలు తమ చోట తాము ఉంటాయి. రిజిస్టర్ సరిగ్గానే ఉంటుంది. లెక్క పెడితే ఒక్క పేజీ తగ్గదు. ఏదైనా కనబడకుండా పోతేనే కదా దొంగతనమని తెలిసేది. ఇక్కడ ఏదీ పోదు. రికార్డు గదిలో పనిచేసిన ఎవరికైనా ఇది గుండెలో రాయి పడ్డట్టు ఉంటుంది, ఎందుకంటే మన రిజిస్టర్లు, మన సంతకాలు, మన సోమవారం చెకింగులు అన్నీ ఈ ఒక్క పద్ధతి ముందు తేలిపోతాయి.

పైగా స్ట్రాంగ్‌రూమ్‌లోకి వెళ్ళే వీలు హౌటన్‌కి లేదు, గీకి ఉంది. అందుకే ఆమెకు దగ్గరవుతాడు. ఇలాంటి చోట మామూలు సినిమా అయితే వయ్యారి గూఢచారిణిని దింపేది. ఇక్కడున్నది ఇంట్లో పెద్దవాళ్ళను చూసుకుంటూ పెళ్ళి మాట మరిచిపోయిన ఆఫీసు మనిషి. మార్గరెట్ టైజాక్ ఆ పాత్ర చేసింది. ఎవరో తనను పట్టించుకున్నారన్న సంతోషం ఆమె ముఖంలో నెమ్మదిగా, సిగ్గుపడుతూ వస్తుంది. ఈ కాగితాలు అమెరికా వాళ్ళకే కదా, మన మిత్రులకే కదా అని హౌటన్ చెప్పే అబద్ధాన్ని ఆమె నమ్ముతుంది. పూర్తిగా నమ్ముతుందా, నమ్మాలనుకుని నమ్ముతుందా అన్నది టైజాక్ తేల్చి చెప్పదు. ఆ సందిగ్ధాన్ని చివరిదాకా మోసుకుపోతుంది. మొదటిసారి కాగితాలు బయటికి తెచ్చాక ఆమె నడక చూడండి. తన సంచీ తనకే బరువైనట్టు నడుస్తుంది.

ఒక్క అభ్యంతరం ఏమిటంటే, ఆ రోజుల్లో టైజాక్ వయసు ముప్ఫై దాటి ఒకటి రెండేళ్ళు. పట్టుబడేనాటికి అసలు ఎథెల్ గీకి 46. ఆ తేడా చిన్నది కాదు. నలభై ఆరేళ్ళ ఒంటరి మనిషి జీవితంలోకి ఆలస్యంగా వచ్చిన తోడు, ఆ తోడు అడిగిన కోరిక, అదొక వేరే బరువు. ఆ వయసు నటిని తీసుకుని ఉంటే సినిమా ఇంకో మెట్టు ఎక్కేది. ఆమె కోర్టులో కూడా ఆ కాగితాలు అమెరికన్ అధికారికి వెళ్తున్నాయనే అనుకున్నానంది. కోర్టు కనికరించలేదు. హౌటన్‌తో సమానంగా పదిహేనేళ్ళు వేసింది.

లాన్స్‌డేల్‌గా విలియం సిల్వెస్టర్. దీని గురించి కాస్త ఆగి చెప్పాలి. లాన్స్‌డేల్ అసలు పేరు కోనోన్ మొలోదీ, సోవియట్ అధికారి. చనిపోయిన ఒక కెనడా మనిషి గుర్తింపును వాడుకుని లండన్‌లో దిగాడు. పైకి జ్యూక్‌బాక్సుల (నాణెం వేస్తే పాట వినిపించే పెట్టెల) వ్యాపారం, రీజెంట్స్ పార్క్ దగ్గర మంచి ఫ్లాటు. హౌటన్, గీలకు మాత్రం తను అలెక్స్ జాన్సన్ అనే అమెరికా నౌకాదళ అధికారినని చెప్పుకున్నాడు. అది నమ్మదగ్గట్టు ఉండటానికి కారణముంది. అతను చిన్నప్పుడు కాలిఫోర్నియాలో, బర్క్‌లీలో, పిన్ని ఇంట్లో పెరిగాడు. సిల్వెస్టర్ పుట్టింది ఆ పక్కనే ఉన్న ఓక్లండ్‌లో. నటుడూ, అతను పోషిస్తున్న గూఢచారీ ఒకే తీరపు ఇంగ్లిష్ వింటూ పెరిగినవాళ్ళన్న మాట. సిల్వెస్టర్ మాటలో ఉన్న ఆ చనువు, ఆ తేలికతనం అరువు తెచ్చుకున్నట్టు ఉండదు. అతను ఎవరినీ బెదిరించడు. నవ్వుతూ బిల్లు కడతాడు. హౌటన్‌ని ఎప్పుడు పొగడాలో, ఎప్పుడు ఒక్క మాటతో వణికించాలో తెలిసిన మనిషి.

ఇంకో ముచ్చట. ఈ సిల్వెస్టర్, ఈ టైజాక్ ఇద్దరూ నాలుగేళ్ళ తర్వాత కూబ్రిక్ '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'లో మళ్ళీ ఎదురుపడతారు. అంతరిక్ష కేంద్రంలో ఎర్ర కుర్చీల దగ్గర అమెరికన్ శాస్త్రవేత్త ఫ్లాయిడ్, రష్యన్ శాస్త్రవేత్త ఎలీనా మాట్లాడుకునే సీన్ గుర్తుందా? వాళ్ళే వీళ్ళు. ఇక్కడ రష్యన్‌గా చేసినవాడు అక్కడ అమెరికన్, ఇక్కడ రహస్యం చేరవేసిన ఆమె అక్కడ రహస్యం కూపీ లాగే రష్యన్. రెండూ వెంటవెంట చూస్తే భలే సరదాగా ఉంటుంది.

క్రోగర్లుగా డేవిడ్ కొసాఫ్, నాన్సీ నెవిన్సన్. రైస్లిప్‌లో క్రాన్లీ డ్రైవ్‌లో చిన్న ఇల్లు. ఆయన పాత అరుదైన పుస్తకాల వ్యాపారి. ఆమె ఇరుగుపొరుగుతో కలుపుగోలు మనిషి. వీళ్ళ అసలు పేర్లు మోరిస్, లోనా కోహెన్. 1950లో అమెరికా నుంచి మాయమై, తర్వాత వేరే పేర్లతో ఇంగ్లండ్‌లో తేలిన అమెరికన్లు. పేజీని ఫోటో తీసి, ఆ ఫోటోను వాక్యం చివర పెట్టే చుక్కంత చిన్నదిగా కుదించడాన్ని మైక్రోడాట్ అంటారు. అలాంటి చుక్కను పుస్తకంలో ఎక్కడైనా అంటించి పోస్టులో పంపేయొచ్చు. పుస్తకాల వ్యాపారి విదేశాలకు పుస్తకాలు పంపితే ఎవరు మాత్రం అనుమానిస్తారు? వేషానికీ పనికీ అంత చక్కగా అతకడం గూఢచారి కథల్లో కూడా అరుదు. పట్టుబడ్డాక పోలీసులు ఆ ఇంటిని రోజుల తరబడి వెతికితే వంటగది నేల కింద రేడియో ట్రాన్స్‌మిటర్ బయటపడింది.

అరెస్టు రోజు నిజంగా జరిగిన ఒక చిన్న సంగతి నాకు ఎప్పటికీ మరపు రాదు. బయల్దేరే ముందు హెలెన్ క్రోగర్ బాయిలర్లో బొగ్గు వేసి వస్తానని అడిగింది. చలికాలం, మామూలు కోరిక. సూపరింటెండెంట్ జార్జ్ స్మిత్ ముందు నీ చేతి సంచీ చూడనివ్వు అన్నాడు. అందులో మైక్రోడాట్లు దొరికాయి. అటు గీ సంచీలోనూ కాగితాలూ ఫిల్మే. ఈ కేసంతా ఆడవాళ్ళ చేతి సంచీల్లోనే తిరిగింది. సంచీలో నుంచి టెన్షన్ రాబట్టాలంటే కెమెరాకు పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. దాన్ని ఎవరు పట్టుకున్నారు, ఏ చేతి నుంచి ఏ చేతికి మారింది, ఇది కనిపిస్తే చాలు. ఆ విద్య ట్రాన్సన్‌కి బాగా తెలుసు.

ఇక బాగోలేనివి. హౌటన్ మీద అనుమానం మొదలయ్యాక సినిమా పోలీసుల చేతికి వెళ్ళిపోతుంది. వెంబడించడాలు, టెలిఫోన్లు, మీటింగులు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, బోరు కొట్టదు. కానీ అప్పటిదాకా హౌటన్, గీల గుండె దడ మనకు వినిపించినంత దగ్గరగా ఉన్న కథ ఒక్కసారిగా దూరం జరుగుతుంది. పోలీసు అధికారుల పాత్రలకు ముఖాలున్నాయి తప్ప మనసులు లేవు. పెద్దాఫీసర్ల మీద కూడా సినిమా కొంచెం మెతకగానే పోయిందనిపిస్తుంది. పోలండ్ గూఢచారి వ్యవస్థలో ఉన్న గోలెనియెవ్‌స్కీ అమెరికన్లకు సమాచారం ఇస్తే తప్ప ఈ కేసు కదల్లేదు. అంతకు చాలా ముందే, 1950ల మధ్యలోనే, హౌటన్ భార్య అతని మీద అనుమానం ఉందని అధికారులకు చెప్పింది. మొగుడి మీద కోపంతో అంటోందిలే అని పక్కన పెట్టేశారు. అప్పుడే ఆ మాట విని ఉంటే ఆ తర్వాతి ఏళ్ళ నష్టం జరిగేదే కాదు. అరెస్టుల తర్వాత వేసిన రోమర్ కమిటీ పోర్ట్‌లాండ్ భద్రతను గట్టిగానే తప్పుబట్టింది. బ్రిటన్ లోపల గూఢచారులను పట్టే సంస్థ ఎంఐ5 పాత ఫైళ్ళు చాలావరకు 2019లోగానీ జనం చూడటానికి రాలేదు కాబట్టి ఈ సినిమా వాళ్ళను ఎక్కువగా అనలేను. అయినా ఒక ఫిర్యాదు అందాక దాన్ని చదవకుండా చివర 'చర్య అక్కర్లేదు' అని రాసేయడం ఎంత ప్రమాదమో నాకు తెలుసు. ఆ సీన్ ఈ సినిమాలో ఉండాల్సింది. ఎవరైనా ఈ కథను మళ్ళీ తీస్తే అక్కడే మొదలుపెట్టాలి.

ఇంకొకటి, వార్సా భాగం ఇరుగ్గా ఉంటుంది. అక్కడి చలి, భయం, బ్లాక్ మార్కెట్ బేరాలు మనకు ఒంటికి తగలవు. తక్కువ డబ్బు నిజంగా కనిపించేది ఆ ఒక్కచోటే. కథ పోర్ట్‌లాండ్ చేరాక ఆ లోటు గుర్తు కూడా రాదు.

చూసేవాళ్ళకు రెండు మాటలు. సబ్‌టైటిల్స్ ఉంటే పెట్టుకోండి. పబ్బు గోలలో హౌటన్ సగం నోట్లోనే నమిలేసే మాటల్లోనే అసలు సంగతులు ఉంటాయి. మొదటి పావుగంట నెమ్మదిగా ఉందని ఆపేయకండి. గీ కథలోకి వచ్చాక పట్టు బిగుస్తుంది. బాండ్ సినిమా చూసే ఊపులో ఇది పెట్టకండి, ఇద్దరికీ అన్యాయం జరుగుతుంది. తీరిగ్గా, ఫోను పక్కన పడేసి చూడండి. ఆఫీసు ఉద్యోగం చేసినవాళ్ళకైతే మరీ మరీ చెబుతాను. తాళంచెవులు, రిజిస్టర్లు, సెలవు చీటీలు మన జీవితంలో ఎలా ఉంటాయో అలాగే ఉన్న గూఢచారి సినిమా మళ్ళీ దొరకడం కష్టం.

సినిమా వచ్చిన ఏడాదే, 1964 ఏప్రిల్‌లో, లాన్స్‌డేల్‌ని బెర్లిన్‌లో, సోవియట్ జైల్లో ఉన్న బ్రిటిష్ వ్యాపారి గ్రెవిల్ విన్‌కి బదులుగా సోవియట్ వాళ్ళకు అప్పగించారు. 1969లో క్రోగర్లూ అలాగే వెళ్ళిపోయారు. ముగ్గురికీ వెనకేసుకొచ్చే దేశం ఒకటుంది. హౌటన్, గీలకు అది లేదు. 1970 దాకా జైల్లోనే ఉన్నారు. బయటికొచ్చాక 1971లో పెళ్ళి చేసుకున్నారు. ఇది తెలిసి రెండోసారి చూసినప్పుడు లీ, టైజాక్ కలిసి ఉన్న సీన్లు నాకు వేరేలా అనిపించాయి. ఆమెను వాడుకోవడానికే దగ్గరైన మనిషి ఎక్కడో మధ్యలో నిజంగానే ఆమె మీద ఆధారపడటం మొదలుపెట్టాడని లీ ముఖంలో కనబడుతుంది. ఆ పెళ్ళి సంగతి తెలియడానికి ఏడేళ్ళ ముందే ఆ నటుడు దాన్ని పట్టుకున్నాడు.

నేనైతే ఐదుకి నాలుగు ఇస్తాను. అందులో రెండు బెర్నార్డ్ లీకి, ఒకటి టైజాక్‌కి, ఇంకొకటి శనివారం వెళ్ళి సోమవారానికి తిరిగొచ్చే ఆ కాగితాలకు.